మెట్లెక్కి వచ్చిన క్రిస్మస్

మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ వార్త రెండు మెసేజ్‌ల మధ్య ఇరుక్కుని వచ్చింది. దాని పైన, పండగ రోజు స్త్రీల సమాజం వాళ్ళంతా ఏ రంగు చీర కట్టుకోవాలో చెప్పే మెసేజ్. కింద, ఈసారి కేకులు ఎక్కడ ఆర్డరివ్వాలన్న ప్రశ్న. మధ్యలో నాలుగు వరుసలు. పల్లె సంఘాల్లో చాలా ఏళ్ళు బైబిల్ ఉమన్‌గా సేవ చేసిన మన ఫలానా అమ్మగారు ఈ ఉదయం ప్రభువునందు నిద్రించారు, భూస్థాపన రేపు పదకొండు గంటలకు అని. ఆ పేరు చదివి ముందు ఎవరో అనుకున్నాను. ఫొటో తెరిచాక తెలిసింది. ఇన్నేళ్ళలో ఆమె పేరేమిటని నేనెప్పుడూ అడగలేదు. అందరికీ ఆమె బైబిలమ్మగారు. నాకూ అంతే.

మొన్న డిసెంబరు మొదటి వారంలోని సంగతి ఇది. అప్పుడు నేను మావారికి ఇడ్లీ తినిపిస్తున్నాను. ఫొటో ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి ఎడమ చేత్తో ఫోను పక్కకు నెట్టేశారు. మళ్ళీ నోరు తెరవలేదు. ఆ పూట టిఫిను అలాగే ఉండిపోయింది.

బైబిల్ ఉమన్ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. పూర్వం ఊళ్ళలో చదువు రాని ఆడవాళ్ళ కోసం సంఘం ఒకామెను పెట్టేది. ఆమె ఇంటింటికీ వెళ్ళి వాక్యం చదివి వినిపించి, ప్రార్థన చేసి, కష్టసుఖాలు విని వచ్చేది. మా బైబిలమ్మగారు గుడివాడ అవతల ఒక పల్లెలో కూలి పనులు చేసుకునే ఇంట్లో పుట్టారు. ఊడ్పులూ కోతలూ చేస్తూనే రాత్రిబడిలో చదువు నేర్చుకుని ఈ పనిలో చేరారట. వయసు మీద పడ్డాక చెల్లెలి కూతురింట్లో ఉండటానికి మా పటమట వచ్చారు. పని నుంచి ఎప్పుడో రిటైరయ్యారు. నడవడం మాత్రం మానలేదు.

ఆమెను గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

నాలుగేళ్ళ కిందటి వేసవిలో మావారికి పక్షవాతం వచ్చింది. కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా చర్చి పాటల బృందానికి చాలా ఏళ్ళు ఆయనే పెద్ద. కుడి పక్క పూర్తిగా పడిపోయింది. మాట పోయింది. ఒకే ఒక్క మాట మిగిలింది. ‘సరే’. ఆకలేసినా సరే, నొప్పి పుట్టినా సరే, కోపమొచ్చినా సరే. ఏ సరేకి ఏ అర్థమో మొహం చూసి నేను పోల్చుకోవాలి.

మాది మూడో అంతస్తు. పాత అపార్ట్‌మెంటు, లిఫ్టు లేదు. ఆసుపత్రి నుంచి నలుగురు కుర్చీలో మోసుకొచ్చి మంచం మీద దింపి వెళ్ళారు. ఆ రోజుతో ఆయనకు మెట్లు లేకుండా పోయాయి. నాకు ఉన్నాయి గానీ, దిగితే పావుగంటలో మళ్ళీ ఎక్కెయ్యాలి. కూరగాయలు బుట్ట దించి పైకి లాక్కునేదాన్ని. మందుల షాపు వాళ్ళు పైకే తెచ్చిచ్చేవాళ్ళు. పిల్లలు లేరు. మావారి తమ్ముడొకాయన మచిలీపట్నం నుంచి ఎప్పుడైనా వచ్చి, ‘ధైర్యంగా ఉండు వదినా’ అని చెప్పి, చివరి బస్సు దొరకదేమోనని మధ్యాహ్నమే లేచేవాడు. నెలలు గడిచేకొద్దీ ఇంటి గోడలు రోజుకింత దగ్గరకు జరుగుతున్నట్టుండేది. స్నానానికి వెళ్ళినా తలుపు పూర్తిగా వేసుకునేదాన్ని కాదు. చీర అంచు బల్ల కోడుకు తగులుకున్నా ఎవరో పట్టుకుని లాగినట్టు ఉలిక్కిపడేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్‌కి చర్చి వాళ్ళు వచ్చారు. స్టార్ పట్టుకుని, ఎర్ర టోపీలు పెట్టుకుని ఇరవై మంది మా చిన్న గదిలోకి వచ్చారు. ఒక పాట పాడారు. కేకు పెట్టారు. మావారి ఎడమ చేతిలో చాక్లెట్ల పొట్లం పెట్టి, చుట్టూ నిలబడి ఫొటో తీసుకున్నారు. పది నిమిషాలు.

“ఆరాధన లైవ్ ఇస్తున్నాంగా అక్కా, ఇంట్లోనే చూసుకోవచ్చు. మీరిద్దరూ ఇబ్బంది పడక్కర్లేదు,” అంది స్త్రీల సమాజం కార్యదర్శి.

వాళ్ళు మెట్లు దిగుతూ నవ్వుకుంటున్న చప్పుడు విన్నాను. వాళ్ళను అనడానికి నాకు నోరు లేదు. అంతకు ముందు ఏడెనిమిదేళ్ళు ఆ కార్యదర్శిని నేనే. అలాంటి ఇళ్ళకు అలాంటి పొట్లాలు పట్టుకుని నేనూ వెళ్ళాను. అలాగే ఫొటోలు దిగాను. ఆ ఇళ్ళ తలుపులు మా వెనక మూసుకున్నాక లోపల ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బైబిలమ్మగారు వచ్చింది పండగ అయిపోయాక. జనవరిలో ఒక గురువారం. తలుపు తీస్తే గడప దగ్గర మెట్టు మీద కూర్చుని రొప్పుతున్నారు. మోకాళ్ళ నొప్పులు. తెల్ల చీర, భుజాన బైబిలున్న గుడ్డసంచి.

“మీరెందుకండీ ఇన్ని మెట్లెక్కడం!” అన్నాను.

“నువ్వు దిగలేవు కదమ్మాయ్,” అన్నారు.

లోపలికి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. ఎలా ఉందని అడగలేదు. ధైర్యం చెప్పలేదు. కాసేపటికి గొంతు సవరించుకుని ఒక కీర్తన ఎత్తుకున్నారు. ఆమె గొంతు గురించి మా చర్చిలో తెలియనివాళ్ళు లేరు. శ్రుతి అనేది ఆమెకు ఏ కోశానా లేదు. మొదటి చరణం సగంలో ఉండగానే మావారి మొహం చిట్లింది. రెండో చరణానికి ఎడమ చెయ్యి పైకెత్తారు. “సరే! సరే!” అని కసిరారు. ఆమె ఆగలేదు. ఇక ఆయన తట్టుకోలేక, గొంతులోంచి సన్నగా, వంకరగా, ‘ఊఁ’ అని అసలు స్వరం అందించారు. ఎనిమిది నెలలుగా ఆ గొంతులోంచి అలాంటి శబ్దం రాలేదు.

ఆమె ఆ స్వరం పట్టుకోవడానికి ప్రయత్నించి మళ్ళీ తప్పారు. ఆయన మళ్ళీ కసిరారు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయి నీళ్ళ కుళాయి తిప్పి ఏడ్చాను.

“దేవుడికి నా పాట బాగానే వినపడుద్ది. మీ ఆయనకే పేచీ,” అని నవ్వారు వెళ్ళేటప్పుడు.

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చారు. మూడు అంతస్తులకూ మూడుసార్లు ఆగి, కూర్చుని, లేచి వచ్చేవారు. టీలో చక్కెర ఎక్కువ వేయించుకునేవారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ముక్కులు ఇంటివైపు ఉంచేవారు. వెళ్ళిపోవడానికి తొందర లేదని చెప్పడానికేమో అనిపించేది నాకు. ప్రార్థన చాలా చిన్నగా చేసేవారు. ఒకసారి, ‘స్వస్థత కోసం గట్టిగా చెయ్యండి అమ్మగారూ’ అన్నాను. ‘చేస్తన్నా. అది ఆయన చూసుకుంటాడు. నేను చెయ్యగలిగింది కూచోడం, కూచుంటన్నా,’ అన్నారు.

రెండో క్రిస్మస్ వచ్చింది. పండగ పొద్దున్నే ఎనిమిదిన్నరకు ఆమె తలుపు కొట్టారు. గురువారం కాదు.

“అమ్మాయ్, చీర మార్చుకుని చర్చికెళ్ళు. ఇవాళ ఇక్కడ నేనుంటా.”

“మీరు పండగ ఆరాధన మానేస్తారా?”

“చిన్నప్పట్నించీ చూస్తానే ఉన్నా. ఒక్క ఏడు చూడకపోతే ప్రభువేమీ అనుకోడులే. ఎల్లు.”

పెట్టెలోంచి తెల్ల పట్టుచీర తీసి కట్టుకున్నాను. మెట్లు దిగాను. చర్చి మాకు రెండు వీధుల అవతలే. మైకులో పాట వినిపిస్తోంది. గేటు ముందు పూల ద్వారం, పిల్లల కేకలు, సెల్ఫీలు దిగుతున్న కొత్త చీరలు. రోడ్డుకు ఇవతలే ఆగిపోయాను. ‘అక్కా, అన్నయ్యకెలా ఉంది?’ అని అడుగుతారు. నేను చెబుతుండగానే వాళ్ళ కళ్ళు పక్కకు వెళ్ళిపోతాయి. మూడు గంటల్లో మళ్ళీ ఆ మెట్లు, ఆ గది, ఆ సరే. నా కాళ్ళు చర్చి వైపు తిరగలేదు. అటుగా వస్తున్న ఆటో ఆపి బస్టాండుకు పొమ్మన్నాను.

మా ఇంటి బయట నేను ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. ఆ రోజు నేను ఇల్లు వదిలి వెళ్ళిపోదామనుకున్నాను. ఎక్కడికో తెలియదు. కదలడానికి సిద్ధంగా ఉన్న మొదటి బస్సు మైలవరానిది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని ఫోను ఆపేశాను. గొల్లపూడి దాటింది. మొహానికి గాలి తగులుతుంటే నోరు తెరిచి తాగినట్టు పీల్చుకున్నాను. కొండపల్లి దగ్గర, మావారు పనిచేసిన చోట, పొగగొట్టాలు కనిపించాయి. చూడకుండా ఉందామని తల తిప్పుకుంటే అటువైపు బొమ్మల దుకాణాలు. పెళ్ళైన కొత్తలో ఆయన అక్కడి నుంచి తెచ్చిన చెక్క చిలక మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. కళ్ళు మూసుకున్నాను.

మైలవరంలో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. పక్కనే జామకాయలమ్ముకుంటున్న ఆమె చాలాసేపు నన్ను చూసింది.

“ఎవరికోసమమ్మా?” అంది.

“ఎవరికోసమూ కాదు.”

“మరి ఏ ఊరెళ్ళాల?”

బస్సుల బోర్డుల వైపు చూశాను. నూజివీడు బస్సొచ్చింది, తిరువూరు బస్సొచ్చింది. ఒక్కోదానికీ లేవబోయి కూర్చున్నాను. ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఎక్కడికీ వెళ్ళడానికి లేదు. బయటకు వచ్చాక కూడా ఆ గది నా చుట్టూనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నం వెయ్యాల్సిన బీపీ మాత్ర బీరువా మీద పెట్టి వచ్చానని. బైబిలమ్మగారికి చెప్పలేదు.

ప్రేమ పొంగి తిరిగొచ్చానని రాయాలని ఉంది. అది అబద్ధం. మాత్ర కోసం వచ్చాను. భయంతో వచ్చాను. వేరే చోటు లేక వచ్చాను.

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగైంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మావారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. కొత్త చొక్కా తొడిగి ఉంది, గుండీలు ఒకటి ఎగుడు ఒకటి దిగుడుగా పెట్టి ఉన్నాయి. పక్క గుడ్డలు మార్చి ఉతికి బాల్కనీలో ఆరేసి ఉన్నాయి. మాత్ర సంగతి ఆయనే బీరువా వైపు చెయ్యి చూపించి చెప్పారట. బైబిలమ్మగారు ఎదురింటి కుర్రాణ్ణి పిలిచి, ఇంగ్లీషు చీటీలో ఏ మాత్రో చదివించుకున్నారట. ఎనభైకి దగ్గరపడిన మనిషి. నేల మీద గోడకు ఆనుకుని మోకాళ్ళు రుద్దుకుంటున్నారు.

“వచ్చావా. కాస్త టీ పెట్టమ్మాయ్, తల దిమ్ముగా ఉంది,” అన్నారు.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

“నేను చర్చికి వెళ్ళలేదండీ.”

“తెలుసు. పన్నెండున్నరకే అయిపోయిందిగా. మైకు ఇక్కడికి వినపడుద్ది.”

“వెళ్ళిపోదామనుకున్నాను. మళ్ళీ రాకూడదనుకున్నాను.”

“ఊఁ.”

“నన్నేమీ అనరా?”

“ఏమనమంటావు? నేను ఒక్క పూట ఉంటేనే నడుం పట్టేసింది. నువ్వు ఏడాదిన్నర నుంచి ఉంటన్నావు.”

అప్పుడు ఏడుపొచ్చింది. పండగపూట ఇలాంటి పాపం చేశానన్నాను. ప్రభువు పుట్టిన రోజు ఆయన మందిరం ముందు నుంచే పారిపోయానన్నాను. ఆమె నన్ను దగ్గరకు రమ్మనలేదు. మోకాళ్ళు రుద్దుకుంటూనే నెమ్మదిగా చెప్పారు.

“మనం గదిలోంచి బయటికి రాలేమని ఆయనకు తెలుసమ్మాయ్. అందుకని ఆయనే లోపలికొచ్చాడు. క్రిస్మస్ అంటే నాకు తెలిసింది అదొక్కటే. వచ్చి మాత్రం ఏం చేశాడు? ముందు ఆ పశువుల పాకలో, ఆ వాసనలో మనతో పాటు పడుకున్నాడు. అద్భుతాలన్నీ తర్వాత సంగతి.”

నేను మంచం దగ్గరకు వెళ్ళాను. మావారు నా మొహం కేసి చూడలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. “సరే,” అన్నారు. కాసేపాగి మళ్ళీ, “సరే.” ఇన్ని నెలలుగా ఆయన సరేలన్నీ పోల్చుకున్న నేను ఆ సరేని పోల్చుకోలేకపోయాను. క్షమించానన్నారో, వెళ్ళాలంటే వెళ్ళమన్నారో, భయమేసిందన్నారో. పొద్దు గూకేదాకా ఆ పట్టు వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు. టీ బైబిలమ్మగారే పెట్టి ఇచ్చారు.

ఆ తర్వాత ఏదో మారిపోయిందని చెప్పను. మెట్లు అన్నే ఉన్నాయి. లిఫ్టు రాలేదు. ఇప్పటికీ కొన్ని పొద్దుల్లో లేవగానే ముందు తలుపు వైపే చూస్తాను. అయితే గురువారాలున్నాయి. మావారు కుర్చీలో గంటసేపు ఒంటరిగా కూర్చోగలిగేదాకా వచ్చారు. ఎదురింటివాళ్ళ దగ్గర ఒక తాళంచెవి ఉంచాను. బైబిలమ్మగారు ఆ రోజు సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు. ఎవరికీ చెప్పలేదు.

మొన్న అక్టోబరులో ఆమె రావడం ఆగిపోయింది. గుండె బలహీనపడిందన్నారు. ఫోను చేస్తే ఆయాసపడుతూ మాట్లాడారు.

“అమ్మాయ్, మీ వెనక రోడ్డులో పాల బూత్ పక్క ఇంట్లో ఒకామె ఉంది. మేడ మీద వాటా. కూతురికి ఇరవయ్యేళ్ళు, లేవలేదు, మాట్లాడలేదు. ఆమె గడప దాటి ఎన్నాళ్ళయిందో. నేను శనివారాలు ఎల్లేదాన్ని. నువ్వొకసారి ఎల్లిరా.”

“మన సంఘం వాళ్ళా అండీ?”

“కాదు. ఎంకటేశ్వరస్వామి పటం ఉంటది ఇంట్లో.”

“మరి అక్కడ మీరు వాక్యం...”

“సంచి తెరవలేదమ్మాయ్. కూచున్నానంతే.”

వెళతానన్నాను. వెళ్ళలేదు. ఈ వారం కుదరలేదు, ఆ వారం మావారికి జ్వరం. ఒక గదిలోంచి గంట దొరికితే మళ్ళీ ఇంకో అలాంటి గదిలోకి పోవాలా అనిపించేది. అదీ అసలు కారణం. రెండుసార్లు ఫోనులో ‘ఎల్లావా?’ అని అడిగారు. మూడోసారి అడగడానికి ఆమె లేరు.

భూస్థాపనకు ముందు చర్చిలో ఆరాధన జరిగింది. నేను అరగంట ఉండగలిగాను. ‘అమ్మగారి గురించి ఎవరైనా సాక్ష్యం చెబుతారా?’ అని పాస్టరుగారు అడిగారు. లేచాను. మైలవరం బస్సు గురించి చెప్పాలనే లేచాను. అన్ని మొహాలూ నావైపు తిరిగాయి. “గురువారాలు మా ఇంటికి వచ్చేవారండీ,” అని కూర్చుండిపోయాను. ఆ రోజు చెప్పలేకపోయిందే ఇప్పుడు రాస్తున్నాను.

ఈ క్రిస్మస్ పొద్దున మావారికి స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, ఫోనులో ఆరాధన లైవ్ పెట్టాను. కొత్త పాటల బృందం మొదటి పాటకే ఆయన మొహం చిట్లించారు. ఫరవాలేదనుకుని, ఎదురింటివాళ్ళకు చెప్పి, వెనక రోడ్డుకు వెళ్ళాను.

తలుపు తీసినామెకు నలభై అయిదుంటాయి. జుట్టు ముడి ఊడి భుజం మీద పడి ఉంది. వెనక గదిలో పరుపు మీద అమ్మాయి, గోడకేసి తిరిగి ఉంది.

“ఎవరండీ?”

“బైబిలమ్మగారు పంపారండీ.”

“ఆవిడేరి? రెండు నెలలైంది. కోపమొచ్చిందేమో అనుకుంటున్నా.”

చెప్పాను. ఆమె తలుపు చెక్క పట్టుకుంది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, “లోపలికి రండి,” అంది. ఆరిన బట్టల కుప్ప జరిపి కుర్చీలో చోటు చేసింది.

“మీకివాళ పండగ కదండీ?”

“అవునండీ. అందుకే వచ్చాను. మీరు కాసేపు బయటికి వెళ్ళి రండి. అమ్మాయి దగ్గర నేను కూర్చుంటాను.”

“బయటికా? ఎక్కడికండీ?”

“ఎక్కడికైనా.”

“దానికి కొత్తవాళ్ళంటే బెదురండీ. ఏడుస్తుందేమో.”

“ఏడవనివ్వండి. నేను ఉంటాను.”

ఆమె లోపలికి వెళ్ళి తల దువ్వుకుంది. మంచం కిందికి వంగి చెప్పులు తీసింది. వాటి మీద మందంగా దుమ్ము పేరుకుంది. పాత గుడ్డతో రెండూ తుడిచి, వేసుకుని, గడప దాటాక ఒకసారి వెనక్కి చూసింది. నేను తల ఊపాను.

కిటికీలోంచి చూస్తే ఆమె మెట్లు దిగి రోడ్డు అంచున ఆగింది. కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. ఎటూ కదల్లేదు. వెనకాల పరుపు మీద అమ్మాయి సన్నగా మూలగడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి పక్కన నేల మీద కూర్చునే ముందు చివరిసారి కిందికి చూశాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆమె పాల బూత్ ముందు, వచ్చేపోయే స్కూటర్ల మధ్య, కళ్ళు మూసుకుని మొహం పైకెత్తి నిలబడి ఉంది.